పదిహేడో గొట్టం

...అయినా ఒలిచిపెట్టిన పండును వద్దనడం ఎలా? తొక్కతో ఇచ్చి ఉంటే సంచిలోనే ఉండిపోయేది. తొనలు విడదీసి, పీచు కూడా తీసి డబ్బాలో సర్దిన నారింజను వెనక్కి పంపాలంటే గుండె రాయి చేసుకోవాలి.

రక్తపరీక్షల గదిలో యంత్రం ముందు కూర్చున్న టెక్నీషియన్ పొద్దుటినుంచీ ఇదే నెమరేస్తోంది. పండ్లలోని విటమిన్లు రక్తంలో యాంటీఆక్సిడెంట్ల బలాన్ని ఎంత పెంచుతాయో తేల్చే పరిశోధన అది. మూడు నెలలు తొమ్మిదిమంది రోజూ పండ్లు తిన్నారు, మరో తొమ్మిదిమంది వాటి జోలికే పోకూడదు. ఈ రెండో జట్టులో ఒకరు తగ్గితే తనే చెయ్యి చాచింది. సూదిని లెక్కచేయలేదు. అత్తగారిని లెక్కలోకే తీసుకోలేదు.

పెళ్ళైన ఆరేళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా ముక్తసరి మాటలే. సరిగ్గా పరిశోధన మొదలైన వారమే, జ్వరంనుంచి లేచిన కోడలి మొహం చూసి ఆవిడ పండు ఒలవడం మొదలుపెట్టింది. సంగతి చెప్పబోతే, "తినమని ఒలిచాను. ఉపన్యాసం చెప్పమని కాదు," అంది. ఇక తొంభై రోజులూ తింది. దొంగలా, హాయిగా.

రక్తం నింపిన గొట్టాలమీద పేర్లుండవు, అంకెలే. పదిహేడు తనదని తనకొక్కదానికే తెలుసు. తెరమీద ఆ గొట్టం ఫలితం పండ్లు తిన్నవాళ్ళ సరసన కూర్చుంది. కణం పొరలో కాపలా కాసే ఇ-విటమిన్ దెబ్బతిని ఒరిగితే, సి-విటమిన్ ఆ దెబ్బ తను తీసుకుని దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. ఏళ్ళ తరబడి చదివిందే. తన ఒంట్లో కూడా ఎవరో కూలబడ్డవాళ్ళను లేపి నిలబెడుతున్నారని మాత్రం ఇవాళే తోచింది. నవ్వొచ్చింది.

పరిశోధన నడిపిస్తున్న పెద్ద డాక్టరు వెనకనుంచి తొంగిచూశారు. "పండు ముట్టనివాళ్ళ రక్తమే ఇలా ఉంటే, మిగతావాళ్ళచేత తోటలకు తోటలు తినిపించడం దేనికమ్మా?"

మాట సరదాగానే ఉంది, కనుబొమలు మాత్రం ముడిపడ్డాయి. ఈ ఒక్క గొట్టంతో రెండు జట్ల తేడా పలచబడిపోతుంది. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ఇక ఈయన తన చేతికి ఏ పరిశోధన అయినా ఇస్తారా?

ఆయన కిటికీ వైపు నడిచారు. ఆమె ఫలితాల కాగితం దగ్గరికి లాక్కుని పదిహేడును అడ్డంగా కొట్టేసింది. 'కారణం' అన్న గడిలో 'పొరపాటు' అని రాయబోయి, చెయ్యి రాక ఆగింది. తర్వాత నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఇది నాది. రోజూ ఒక నారింజ. అత్తయ్య ఒలిచి ఇచ్చింది.'