కుట్లు కరిగేదాకా

ఉత్తరాలావిడ పన్నెండేళ్లుగా సైకిల్ మీదే వీధులన్నీ తిరిగి ఉత్తరాలు పంచుతోంది. మూడు సీట్లు మార్చినా ఒరిపిడి తగ్గలేదు. సాయంత్రానికి కింద మంటెత్తిపోయేది. దానికితోడు, తన శరీరం అందరిలా లేదేమోనన్న బెంగ పదహారో ఏట పట్టుకుని, ముప్పై ఆరు వచ్చినా వదల్లేదు. నలుగురిలో చెప్పుకునే మాటా కాదు. చివరికి అక్క చెవిన వేసింది. అక్క వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

“యోని దగ్గరి లోపలి పెదవులు ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటాయమ్మా. మీవి మామూలుగానే ఉన్నాయి,” అంది డాక్టరమ్మ. “వాటిని కత్తిరించి చిన్నవి చేసే ఆపరేషన్ తప్పనిసరేం కాదు.”

“మంట మాత్రం మామూలుగా లేదండీ.”

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి, ఏదీ దాచకుండా చెప్పింది. గంటన్నర పని. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. రెండు వారాలు వాపు, నొప్పి ఉంటాయి. ఆరు వారాలు సైకిల్ ఎక్కకూడదు. అసలు రూపు తేలడానికి నెలలు పడుతుంది. కుట్టు విడిపోవచ్చు, స్పర్శ తగ్గవచ్చు. ఉత్తరాలావిడ అన్నిటికీ తలూపింది, అవన్నీ ఇంకెవరికో జరిగేవన్నట్టు.

ఆఫీసులో మాత్రం మొలల ఆపరేషన్ అని అక్క చెప్పేసింది. ఆపరేషన్ అయిన మూడో రోజు పోస్టుమాస్టరు ఫోన్ చేశాడు.

“సిగ్గుపడకమ్మా, నాకూ ఉన్నాయి. నీళ్లు బాగా తాగు. మెత్తటి దిండు పంపిస్తున్నా.”

నవ్వితే కుట్లు లాగాయి. నవ్వు కాస్తా ఏడుపైంది.

ఆ మధ్యాహ్నమే అద్దం పెట్టి చూసుకుంది. నల్లగా కమిలి, ఉబ్బి, తనది కానట్టుంది. అద్దం బోర్లించేసింది. “వాపని ముందే చెప్పారు కదే,” అంటూ అక్క గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు అందించింది. బాత్రూంకి వెళ్లిన ప్రతిసారీ మంట ఆగేందుకు గోరువెచ్చని నీళ్లు పోసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఎనిమిదో రోజున ఎడమవైపు కుట్టు గోరంత మేర విడిపోయింది. పరుగున ఆసుపత్రికి వెళ్లారు.

“చీము లేదు, అదృష్టం,” అంది డాక్టరమ్మ. “ఇప్పుడు మళ్లీ కుడితే నిలవదు. నాలుగు నెలలు ఆగి చూద్దాం.”

“అందాకా నేనేం చెయ్యాలండీ?”

“శుభ్రంగా ఉంచుకోవడమేనమ్మా. ఇంకేం చెయ్యలేం.”

ఏడో వారంలో ఆవిడ సైకిలెక్కింది. కుడివైపు ఒరిపిడి పోయింది, హాయిగానే ఉంది. ఎడమవైపు నొక్కు పడి మానింది. అక్కడ ముట్టుకుంటే మొద్దుబారినట్టే ఉంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. డాక్టరమ్మ చెప్పింది, తను వింది, సంతకమూ పెట్టింది.

నాలుగు నెలలయ్యాక డాక్టరమ్మ చూసి, “కావాలంటే ఇంకో ఆపరేషన్‌తో సరిచెయ్యొచ్చు. స్పర్శ మాత్రం తిరిగొస్తుందని మాటివ్వలేను,” అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అక్క మెల్లగా అడిగింది. “ఏమంటావే?”

“నువ్వే చెప్పక్కా.”

“నేనెలా చెప్పనే?”

లోపలినుంచి ఇంకొకరి పేరు పిలిచారు. అక్కాచెల్లెళ్లు జరిగి, ఆ మనిషికి దారిచ్చారు.