బాతుల వాటా

కంచంలో చెయ్యి కడుక్కుంటూ మా ఆయన కామేష్ అన్నారు: "తవుడు బస్తా అయిపోయిందంటే ఇంకొక్క గింజ కొన్ను. బాతుల్ని ఆదివారం కూరొండెయ్."

అవి ఆరు బాతులు. వేసవి చివర్లో పోయిన మా అమ్మ సోములమ్మవి. పెదబయలు అవతల కొండవాలు ఊరినుంచి గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. ఏడవడం నాకు సరిగా రాదు. బడిలో హాజరు పిలిచినట్టు పొద్దునా సాయంత్రం వాటిని లెక్కపెట్టుకునేదాన్ని.

అమ్మ ఏనాడూ తవుడు కొనలేదు. చెదపుట్టమీద కుండ పెట్టి వాటికి పురుగులు పట్టేది. నేనూ పాతకుండలో పేడా ఎండుగడ్డీ కూరి, నీళ్లు చల్లి, పెరటి వెనక పుట్టమీద పెట్టాను. తెల్లారి చూస్తే ఒక్క చెదపురుగు లేదు. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే నేను కుండని నిలబెట్టాను. అమ్మ బోర్లించేది. ఆ మణికట్టు తిప్పడం గుర్తొచ్చి, రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వాను, కుండ బోర్లించాను. మర్నాడు కుండ ఎత్తితే లోపలంతా తెల్లగా కదులుతోంది. బాతులు మెడలు చాచి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాయి. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో వడ్డిస్తున్నాను. ఉప్పెక్కువైందన్నవాళ్లే గాని ఇలా పరిగెత్తుకొచ్చినవాళ్లు లేరు.

ఇక ఆగలేదు. ఎండబెట్టిన పనసగింజలు ఉడికించి చిదిమాను. ఎవరో పడగొట్టిన, కల్లు గీసే జీలుగు చెట్టు మొద్దులోంచి మెత్తటి గుజ్జు తవ్వుకొచ్చాను. బడినుంచి వస్తూ టిఫిను డబ్బాలో నత్తలు ఏరాను. "టీచరమ్మ నత్తలేరతంటే ఊరేటనుకుంటాది?" అన్నారాయన. ఊరు నత్తలెక్కువుండే ఇంకో మడి చూపించింది.

బస్తా అయిపోయింది. ఆదివారమూ వచ్చింది. "గింజ కొనమని అడగలేదు కదా" అన్నాను. ఆయన పేపరు తిరగేశారు. ఆ తర్వాతి వారం గూట్లో నాలుగు గుడ్లు.

తర్వాత ముసురు పట్టింది. గెడ్డ పొంగి మడులు మునిగాయి, పుట్ట తడిసిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం, అందరి భోజనాలూ అయ్యాక, అడుగంటిన మాడూ నిన్నటి గంజన్నమూ కలిపి బాతుల తొట్టిలో పోసేశాను. గుమ్మంలోంచి మా అత్త ఈశ్వరమ్మ కంగారుపడింది.

"అదంతా ఆటికి పోసీసినావు, మరి నువ్వేటి తింతావే?"

అంటే ఆవిడకు తెలుసు. లోపల ఆయన తల వంచుకున్నారు. ఆయనకూ తెలుసు. నేను రోజూ తినేదేమిటో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియంది అమ్మకొక్కదానికే. ఎప్పుడడిగినా కూరతో తిన్నాననే చెప్పాను.

కోపం రావలసిన చోట నాకు ఆకలి వేసింది. పొయ్యిమీద పెనం పెట్టాను.

"ఆమ్లెట్టు తింటానత్తా" అన్నాను. "రెండు గుడ్లతో."

నడింట్లో పీట వేసుకుని, వేడిగా, ఊదుకుంటూ తిన్నాను. బయట వానలో బాతులు నా వాటా తింటున్నాయి. ఇక అది వాటిదే.