అప్పయమ్మ ఎంచిన మిషను

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగు పిల్లల్లో సగంమంది మొదటి నిద్ర అప్పయమ్మ కుట్టిన బొంత మీదే పోయారు. బొంతంటే ఏముంది, మెత్తబడ్డ పాత నూలు చీరలు ఆరేడు పొరలు పరిచి, అంచు నుంచి మధ్యకి దగ్గర దగ్గరగా దారం వేసుకుంటూ రావడమే. చెప్పడానికి ఒక్క ముక్క, కుట్టడానికి నెల. నలభై ఏళ్లు అలా కుట్టిన వేళ్లు ఏమవుతాయో వేరే చెప్పాలా? కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వంకర తిరిగిపోయాయి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకోవాలంటే ముందు ఆ చెయ్యి కాసేపు వేన్నీళ్లలో ఉండాలి.

మిషను ఉంటే ఇంత అయ్యేది కాదు. పెళ్లయిన మూడో ఏడు భర్తని అడిగింది. రమణమూర్తి లోకో షెడ్డులో ఫిట్టరు. "నీకు చేతుల్లేవేటి?" అన్నాడు. కూతురు తనూజ పుట్టినప్పుడు మళ్లీ అడిగింది. అదే మాట. అతను రిటైరైన రోజున, మెడలో పూలదండ ఉండగా, మంచి మాట మీద ఉన్నాడు కదా అని మూడోసారి అడిగింది. ఆ రోజు నవ్వుతూ అన్నాడు, అంతే తేడా. రమణమూర్తి మంచివాడని కాలనీ అంతా అంటుంది. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి ఇంట్లో ఇచ్చేవాడు. ఇలాంటి మంచివాళ్ల పాలబడ్డ ఆడదానికి ఏడవడానికి సాకు కూడా దొరకదు.

ఈ ఏడు వానాకాలంలో డాక్టరు ఆ వేళ్లని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక సూది పట్టుకోవద్దమ్మా, పట్టుకుంటే గరిట కూడా పట్టలేవు" అని చెప్పాడు. రమణమూర్తి పక్కనే నిలబడి విన్నాడు. సరిగ్గా అప్పుడే, పెళ్లయిన పన్నెండేళ్లకి తనూజ కడుపు పండింది. కోటా నుంచి ఫోన్ చేసి ఏడుస్తూ నవ్వింది. "అమ్మా, అందరి పిల్లలకీ కుట్టావు. నా బిడ్డకి కుట్టి పెట్టు" అంది. పురుడు డిసెంబరు చలిలో వస్తుంది. అప్పయమ్మ తన పెళ్లినాటి నూలుచీరలు ఏడింటిని ఉతికి, గంజి పోయేదాకా జాడించి, మడిచి గోనెసంచిలో పెట్టింది. చీరలున్నాయి. చేతులే లేవు.

ఇలా ఉండగా ఓ శనివారం రమణమూర్తి కంచం ముందు కూర్చుని, "రేపు సర్కండా ఎల్దాం. కుట్టుమిషను సూడాల. పాతకాలందే కావాల, బొంతలు కుట్టేది. నువ్వూ రా" అన్నాడు.

అప్పయమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. ఎవరికని అడగలేదు. ఎందుకడుగుతుంది? డాక్టరు మాట విన్నాడు, కూతురి ఫోన్ విన్నాడు. నలభై ఏళ్లకైనా మనిషి కరిగాడనుకుంది. అతనికి ఇంకో రెండు చేపముక్కలు వేసింది. ఆ రాత్రి సంచిలోంచి చీరలు తీసి, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో పరిచి చూసుకుంది.

సర్కండా బజారులో రాజేంద్ర అనే ఆయనకి పాత మిషన్ల కొట్టుంది. తాతలనాటి మిషన్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. కాళ్లతో తొక్కేవి మూడు తీసి ముందు పెట్టాడు. మొదటిది నల్లగా మెరిసిపోతూ, ఒంటి నిండా బంగారు పూలతో పెళ్లికూతురిలా ఉంది. రమణమూర్తి దాన్నే చూస్తున్నాడు. అప్పయమ్మ దాని చక్రాన్ని పట్టుకుని పక్కకి ఊపింది. చక్రం వదులుగా ఊగింది.

"పైన పటారం, లోన లొటారం. ఒద్దు" అంది.

రెండోది బరువుగా, గట్టిగా ఉంది కానీ గుడ్డని ముందుకి లాగే పళ్లు అరిగిపోయాయి. ఏడు పొరల బొంతని అవి లాగలేవు. మూడోదానికి రంగు వెలిసింది, పూలు చెరిగాయి, చెక్క మీద ఎవరిదో టీ గ్లాసు మరక. అప్పయమ్మ చక్రాన్ని మెల్లగా తిప్పి చెవి దగ్గరగా పెట్టింది. టకటక ఒకే లయలో పలికింది. ఇంటి నుంచి మడిచి తెచ్చిన పాతగుడ్డ తీసి, మడత మీద మడత వేసి ఎనిమిది పొరలు చేసింది. స్టూలు లాక్కుని కూర్చుని తొక్కింది. సూది ఎక్కడా తడబడలేదు. కుట్టు తిరగేసి చూస్తే పైన ఎలా ఉందో అడుగునా అలాగే ఉంది. అంత పనికీ ఆవిడ వేళ్లు నొప్పెట్టలేదు. గుడ్డకి ఊరికే దారి చూపిస్తే చాలు, మిగతాది మిషను చేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కొంగుతో తుడుచుకుంది.

"ఇంజను సప్పుడు పట్టే షెడ్డు చెవే నీది" అన్నాడు రమణమూర్తి. నలభై ఏళ్లలో అతను ఆవిడని మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ మిషనులో అడుగుదారం చుట్టిన బాబిన్ ఓ చిన్న ఇనుప పడవలో కూర్చుంటుంది. ఆ పడవ ముందుకీ వెనక్కీ పోతుంటేనే కుట్టు పడుతుంది.

"అమ్మాజీ, బాబిన్లు ఎన్నయినా ఇస్తాను. ఈ పడవ మాత్రం పోతే నా దగ్గర ఇంకోటి లేదు, రాయ్‌పూర్‌లోనూ లేదు, సంభాల్‌కే రఖ్‌నా, జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు రాజేంద్ర.

అప్పయమ్మ తలూపి, మిగిలిన సామాను ఒక్కొక్కటే ఏరుకుంది. లావు సూదులు ఓ డజను, బాబిన్లు ఆరు, కుట్టుకీ కుట్టుకీ ఎడం సమంగా వచ్చేందుకు పక్కన బిగించే కడ్డీ, కొత్త తోలు బెల్టు, నూనె డబ్బా. రమణమూర్తి దేనికీ అడ్డు చెప్పలేదు.

ఆటో వెనక మిషను కట్టారు. సామాను డబ్బా ఒళ్లో పెట్టుకుని అప్పయమ్మ ఇల్లు సర్దుతోంది, మనసులోనే. కిటికీ కింద పిండి డబ్బా తీసేస్తే సరిపోతుంది. అక్కడ వెలుగు బాగుంటుంది. అర్పా నది వంతెన దాటాక రమణమూర్తి ఆటోవాణ్ణి ఎడమకి తిప్పమన్నాడు.

"కాలనీ ఇటు కదండీ?"

"కాలనీకెందుకు? శాంతాదేవి మేడం గారింటికి."

శాంతాదేవి బొగ్గు కంపెనీలో పెద్దాఫీసరు భార్య. హైదరాబాదు మనిషి. పండగ సంబరాల్లో పరిచయమైన దగ్గర్నుంచి రమణమూర్తిని 'మూర్తిగారూ' అంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల డ్యూటీలో ఏ ఆఫీసరూ తగిలించని 'గారు' అది. దాని కోసం అతను ఆవిడ ఇంటి కుళాయిలు కూడా బిగించి వస్తుంటాడు.

"ఫోన్లో ఏవో వీడియోలు సూసారట, పాతమిషను మీద బొంతలు కుడతారట. చెప్పలేదేటి నీకు?"

"మరి నన్నెందుకు రమ్మన్నారు?"

"బొంత మిషను సంగతి బొంత కుట్టేదానికే కదా తెలుత్తాది." ఆవిడ మొహం చూసి ఆగాడు. అప్పుడు తట్టింది అతనికి. "ఓసి నీ! నీకనుకున్నావేటి?"

ఇక నవ్వు ఆగలేదు. అద్దంలోంచి ఆటోవాడు ఏమైందని అడిగితే, హిందీలో విడమరిచి చెప్పాడు. వాడూ నవ్వాడు. అప్పయమ్మ ఒళ్లో డబ్బాని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. కోపం ఇంకా రాలేదు, సిగ్గే ముందొచ్చింది.

శాంతాదేవి మిషనుని వరండాలో పెట్టించింది. "ఎంత ముద్దుగా ఉందో! మీరే ఎంచారట కదా? ఒక్క వరస కుట్టి చూపించండి" అంది. అప్పయమ్మ కుట్టింది. శాంతాదేవి కుట్టు చూడలేదు, ఫోన్ పట్టుకుని అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ ఫొటోలు తీసింది. ఒక ఫొటోకి అప్పయమ్మ చెయ్యి అడ్డొచ్చిందని కాస్త తప్పుకోమంది. తర్వాత మూర్తిగారికి హాల్లో పింగాణీ కప్పులో టీ, అప్పయమ్మకి వరండాలోకే స్టీలు గ్లాసులో వచ్చింది.

కోపం అప్పుడొచ్చింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మిషను మీది రేకు పక్కకి జరిపి, ఇనుప పడవని రెండు వేళ్లతో పైకి తీసి, కొంగున ముడేసుకుంది. రేకు మళ్లీ మూసేసి టీ తాగింది. ఇక మిషను కుట్టదు. మేడం ఫోన్ చేస్తుంది. మూర్తిగారు పనికిమాలిన మిషను అంటగట్టాడని అంటుంది. ఆ 'గారు' ఊడుతుంది. అది చాలు తనకి.

రోజూ ఎదురుచూసింది. ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి కొంగుముడి మీదికి పోయేది. పదకొండో రోజు మధ్యాహ్నం ఆ ఫోన్ వచ్చింది. రమణమూర్తి అన్నం తింటున్నవాడల్లా లేచి నిలబడి మాట్లాడాడు. పెట్టేశాక మొహం వెలిగిపోయింది.

"మేడం గారు బలే ఖుషీ! మిషను తల తీయించేసి, ఆ ఇనుప కాళ్ల మీద గాజు పలకేయించి హాల్లో టేబులు చేయించారట. వచ్చినోళ్లందరూ ఎక్కడిదని అడుగుతున్నారట."

"తలేం చేశారు?"

"ఏం చేస్తారు, కబాడీవోడికి తూకానికేసేసారట."

అప్పయమ్మ గోడకి చేరబడింది. అడిగితే ఊరికే ఇచ్చేసేదేమో. పాత ఇనుము కింద పోయిందంటే, ఎవరైనా చెయ్యి చాపితే దక్కేదే. చెయ్యి కొంగుముడి మీదే ఉంది.

"ఇంకోటి విన్నావా? కుట్టేంత ఓపిక లేదట ఆవిడకి. నువ్వు చేత్తో కుట్టినవే అందంగా ఉంటాయట. ఆరు బొంతలు కావాలట, చుట్టాలకి ఇస్తారట. అలాగేనన్నాను."

"డాక్టరేం చెప్పాడో మీరు విన్లేదా?"

"డాక్టర్లు అలగే అంటారు. నలభయ్యేళ్లు కుట్టినోళ్లకి ఆరో లెక్కా? నీకు చేతుల్లేవేటి?"

అప్పయమ్మ కొంగుముడి విప్పి, ఇనుప పడవని అతని కంచం పక్కన పెట్టింది. అందులో తను చుట్టిన నీలం దారం ఇంకా అలాగే ఉంది. రమణమూర్తి ఫిట్టరు, ఒక్క చూపులో పోల్చుకున్నాడు. మొహం పాలిపోయింది. తనకి ఏం చేశాడో ఇప్పటికైనా తెలిసిందనుకుంది అప్పయమ్మ.

"బాబోయ్! మేడం గారు సూసుకోలేదు గాబట్టి సరిపోయింది. నా పరువు గంగలో కలిసేది కదే!" అని ఊపిరి పీల్చుకుని, మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టాడు.

ఇతను ఈ జన్మలో తెలుసుకోడని అప్పుడు తెలిసింది ఆవిడకి. ఏడవలేదు. లోపలికి వెళ్లి, తన చీరలున్న గోనెసంచి భుజాన వేసుకుంది. ట్రంకు అడుగునున్న అతని పాత షెడ్డు చొక్కాలూ, లుంగీలూ తెచ్చి అతని ముందు కుప్పపోసింది. పైన దారం ఉండా సూదీ పెట్టింది.

"ఏటిది?"

"ఆరు బొంతలు. ఒప్పుకున్నది మీరు కదా. మీకు చేతుల్లేవేటి?"

రమణమూర్తికి పౌరుషం వచ్చింది. "ఇంజన్లు విప్పి బిగించినోణ్ణే నేను, సూది ఓ లెక్కా?" అని చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

అప్పయమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అతను దారం కొస నోట్లో తడిపి, కన్ను మూసి, సూది బెజ్జంలోకి పెట్టాడు. పక్కనుంచి పోయింది. మళ్లీ తడిపాడు, మళ్లీ పోయింది. నాలుగోసారీ ఎక్కకపోయేసరికి తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఎక్కించి ఇమ్మని నోటితో అడగలేదు. ఆవిడ ఇవ్వలేదు. కూతురి దగ్గరికి పోయే కోటా బండికి టైమైందని, చెప్పులేసుకుని స్టేషను వైపు నడిచింది.