కుడికి తిరిగిన పువ్వులు

సర్వేయరమ్మకు ఒక జబ్బు ఉంది. ఏదైనా వంకరగా కనిపిస్తే, ఎందుకు వంకరపోయిందో తేలేదాకా ముద్ద దిగదు. ఆఫీసు గోడ మీద పటం పక్కకు ఒరిగితే సరిచేసి ఊరుకోదు, ఆ మేకు ఎవరు కొట్టారో ఆరా తీస్తుంది. అందుకే చిన్న వయసే అయినా, అందరూ పేరు మానేసి సర్వేయరమ్మా అనే పిలుస్తారు.

ఇప్పుడా జబ్బు వాళ్ళమ్మ అల్లిన బల్లగుడ్డ మీద పడింది.

అమ్మ పోయి ఏడాదైంది. ఎక్కడో దూరాన భూములు కొలుచుకుంటున్న పిల్ల బదిలీ చేయించుకుని ఇంటికొచ్చింది. వచ్చిన వారానికి బీరువా అడుగున ఒక సంచి దొరికింది. అందులో అమ్మమ్మ కాలం నాటి అల్లికల పుస్తకం, దానికి అట్ట ఎప్పుడో ఊడిపోయింది. ఒక క్రోషా సూది. ఎవరి స్వెట్టర్లోనో మిగిలిన ఆకుపచ్చ ఊలు, ఎవరి టోపీలోనో మిగిలిన పసుపు, ఇంకా బోలెడన్ని ముక్కలు. వాటి కింద, పూర్తికాని బల్లగుడ్డ. ఎనిమిది రెక్కల పువ్వులు, గాలిమరలా నడుమ నుంచి మెలి తిరిగి ఉంటాయి. విడివిడిగా అల్లి కలిపి కుట్టాలి. పుస్తకం లెక్కకు నలభై ఎనిమిది కావాలి, నలభై రెండు ఉన్నాయి. ఆఖరి పువ్వుకు పోగు కూడా తెంపలేదు.

ఆ ఆఖరి పువ్వంటే ఆమెకు ప్రాణం. అమ్మ చెయ్యి చివరిసారి తగిలింది దానికే. మిగిలిన ఆరూ తనే అల్లి, గుడ్డను బల్ల మీద పరిచి, రోజూ ఆ మూల మీద అరచెయ్యి ఆనించి కాఫీ తాగాలని ఆశ. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, రెండు మూడుసార్లు దాన్ని చెంపకు కూడా ఆనించుకుంది.

అల్లిక చిన్నప్పుడు అమ్మే నేర్పింది కాబట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మొదటి పువ్వు పూర్తి చేసింది. తీసుకెళ్ళి ఆఖరి పువ్వు పక్కన పెట్టింది. అమ్మది కుడికి మెలి తిరిగింది, తనది ఎడమకు. తప్పు అల్లానేమో అని ఊడదీసి మళ్ళీ అల్లింది. మళ్ళీ ఎడమకే, పైగా అంచులు ముడుచుకుని. నాలుగుసార్లు అయ్యాక బోర్లా తిప్పి చూసింది. మెలిక కుదిరింది గానీ, వెనక ముడులన్నీ వెక్కిరిస్తూ పైకొచ్చాయి.

ఇంక మామూలు మనిషైతే వదిలేసేది. సర్వేయరమ్మ గుడ్డను నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పువ్వూ చూసుకుంటూ పోయింది. మొదటి ఇరవై మూడూ తనదానిలాగే ఎడమకు. ఇరవై నాలుగో దాని నుంచి ఆఖరి దాకా, పందొమ్మిది, అన్నీ కుడికి. ఒక్కటంటే ఒక్కటి కూడా మధ్యలో మాట తప్పలేదు. ఇది పొరపాటు కాదు, ఏదో జరిగింది.

గుడ్డ చంకన పెట్టుకుని ఊలు కొట్టుకు వెళ్ళింది. కొట్టు ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఊలు అమ్ముతూ, పేటలో అందరి అల్లికలకూ వంకలు పెడుతూ బతుకుతున్న మనిషి. కళ్ళజోడు పెట్టుకుని రెండు పువ్వులు వేళ్ళతో తడిమింది.

"సూది ఏ చేతిలో ఉంటే మెలిక దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుందమ్మాయ్. కుడికి తిరిగిన ఇవి ఎడమచేతివాళ్ళు అల్లినవి. ఈ ఇరవై మూడూ మీ అమ్మవి. ఇవి మాత్రం ఆవిడవి కావు."

సర్వేయరమ్మ గుడ్డ తీసుకుని ఇంటిదారి పట్టింది. ఎందుకు కెలికానా అనిపించింది. ఇన్నాళ్ళూ గుండెకు హత్తుకున్నది పరాయి చేతి పని అట. మరి తను ఇంటికి రాలేకపోయిన ఆ చివరి రెండేళ్ళూ, అమ్మ ఫోన్లో ఇవాళ ఇంకో పువ్వయిందే అని మురిపెంగా చెప్పి ఫొటోలు పంపిందే. తను నమ్మింది. ఇంకా ఎంత నున్నగా అల్లుతున్నావమ్మా అని మెచ్చుకుంది కూడా. ఆ ఇంట్లో అప్పుడున్నది ఇద్దరే మనుషులు.

ఎడమచేతివాటం నాన్నది.

నాన్న మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వీధిలో కాలిపోయిన ఫ్యాన్లూ పంపులూ అన్నీ ఇంటి ముందు గదిలో ఆయన కొట్లోనే తేలతాయి. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప, అందులో తొమ్మిది రాగితీగ చుట్ల లెక్కే. అమ్మ పోయాక ఆమె ఊసు ఒక్కసారి ఎత్తలేదు. రాయి మనిషి అని కూతురు చాలాసార్లు అనుకుంది.

ఆయన చుట్టు పూర్తయ్యేదాకా గుమ్మంలో నిలబడింది. లెక్కలో ఉన్నవాణ్ణి కదిపితే పనంతా మొదటికొస్తుంది. తీగ తెంపాక, గుడ్డ తెచ్చి ఆయన ముందు పరిచింది.

"ఇవి ఎవరు అల్లారు నాన్నా?"

"మీ అమ్మ."

"కుడికి తిరిగినవి?"

నాన్న మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత నేలచూపులు చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇరవై మూడో పువ్వు దగ్గర అమ్మ కుడిచెయ్యి పట్టు తప్పింది. గ్లాసు కూడా నిలిచేది కాదు. ఇక బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. కూతురికి అప్పుడే ఉద్యోగం వచ్చింది. పువ్వులు ఆగిపోతే దానికి అనుమానం వస్తుందని, రాత్రికి రాత్రి ఉద్యోగం వదిలేసి వచ్చేస్తుందని అమ్మ బెంగపెట్టుకుంది. అందుకని ఈయన చేతికి సూది ఇచ్చింది. మొదటి నెలంతా అల్లించడం, ఊడదీయించడం.

"నాకెందుకు చెప్పలేదు? నేను వచ్చేసేదాన్నిగా."

"వస్తావనే."

సర్వేయరమ్మ అక్కడే ముక్కాలి పీట మీద కూలబడి ఏడ్చింది. అమ్మ మీద కోపం, తన మీద కోపం, ఇన్నాళ్ళూ ఈ మనిషిని రాయి అనుకున్నందుకు సిగ్గు, అన్నీ కలిసి వచ్చాయి. నాన్న ఓదార్చలేదు, ఆయనకు అది రాదు. పక్కన కూర్చున్నాడంతే.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మిగిలిన ఆరూ అల్లిపెట్టమని అడిగింది. ఆయన లేచి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, సూది ఎడమచేతిలోకి తీసుకున్నాడు. పుస్తకంలో గుర్తులు తనకు తెలియవట. అమ్మే పక్కన కూర్చుని చదివేదట, ఆవిడ చెప్పింది ఈయన అల్లుకుపోయేవాడట. పుస్తకం కూతురి వైపు జరిపాడు.

ఆమె చదివింది, ఆయన అల్లాడు. మూడు వరసలు అలా సాగాయి.

"నాలుగో వరస. అయిదు గొలుసు కుట్లు."

నాన్న తలెత్తలేదు. "ఆరు. అచ్చు తప్పు. మీ అమ్మ ఆరనే చదివేది."

తను అల్లిన పువ్వు అంచుల్లో ఎందుకు ముడుచుకుందో అప్పుడర్థమైంది.

"ఆరు గొలుసులు," అని చదివింది.

నాన్న అల్లాడు.