మూడో లైను

అమీర్‌పేట మెట్రో ఎస్కలేటర్ మీదే వసుమతి పసుపు కార్డు బయటికి తీసింది. భుజానికి టిఫిన్ సంచి, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, బొటనవేలికి నిన్నటి ఇంకు మరక. పంజగుట్ట ఆఫీసులో పదకొండేళ్లుగా ఆమె పని ఇదే. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల అవసరాన్ని మూడు లైన్లలో రాయాలి. ఎవరికి, ఏం కావాలి, ఎందుకు. ఆఫీసులో దాన్ని యూజర్ స్టోరీ అంటారు. వేల కార్డులు రాసింది. ఒక్కదాని మీదా ఆమె పేరుండదు.

ఈ కార్డు అమీర్‌పేటలో ఓ ల్యాబ్ కౌంటర్ దగ్గర టోకెన్లిచ్చే రుఖియా కోసం. రుఖియా సీట్లోంచి లేస్తే నిమిషంలో స్క్రీన్ మూసుకుపోతుంది. టోకెన్ల వరస మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. కాసేపు ఆపే బటన్ ఒక్కటుంటే చాలు. రెండు నెలల క్రితం ఆమె పక్కన కూర్చుని పని గమనిస్తున్నప్పుడు, నిండుగా ఉన్న నీలం సీసా చూసి, నీళ్లు తాగవేమని వసుమతి అడిగింది.

"తాగితే లేవాలె మేడం. లేస్తే లైన్ల ఉన్నోళ్లు లొల్లి చేస్తరు. ఇంటికి పోయినంకనే తాగుత."

అంత స్పష్టంగా విని కూడా వసుమతి మూడో లైన్లో ‘ఉద్యోగి సౌకర్యం కోసం’ అని రాసింది. నలుగురు మగవాళ్లుండే మీటింగ్‌లో ఇంకెలా రాస్తుంది? నాలుగుసార్లు పెట్టింది. నాలుగుసార్లూ మేనేజర్ వంశీధర్ పక్కన పడేశాడు. సౌకర్యమంటే ఏంటండీ, సోఫానా అన్నాడు పోయినసారి. అందరూ నవ్వారు. రుఖియా బటన్‌కు దొరకని టైము లోగో రంగు మార్చడానికి దొరికింది.

‘ఎందుకు’ అన్నది వాడేవాళ్ల నోట వచ్చినట్టే రాయాలని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది తనే. వసుమతికి తన మీద తనకే ఒళ్లు మండింది. పంజగుట్ట రైలు వచ్చేలోపు మూడో లైను కొట్టేసి కొత్తది రాసింది.

పదింటికి మీటింగ్‌లో వంశీధర్ కార్డు అందుకుని అలవాటుగా పైకే చదివాడు.

"కౌంటర్ ఉద్యోగికి టోకెన్లు కాసేపు ఆపే బటన్ కావాలి. ఎందుకంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాత్రూంకి వెళ్లలేక... నీళ్లు తాగడమే మానేసింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ముందే చెప్పచ్చుగా వసుమతి గారూ."

"మీరు సోఫా గురించి అడిగారు."

రెండు నెలలు ఆగిన పనికి ఒక్కరోజు కూడా పట్టలేదు. మూడింటికల్లా బటన్ ల్యాబ్ స్క్రీన్ మీదికి వచ్చేసింది. రుఖియాకు తనే చూపించాలని వసుమతి ల్యాబ్‌కు వెళ్లింది. కౌంటర్‌లో ఎవరో కొత్తమ్మాయి ఉంది. మెడలో కార్డు మీద మంజూష అని పేరు.

"రుఖియక్కనా? శుక్రవారమే మానేసింది మేడం. కిడ్నీల రాళ్లయినయంట. మస్తు నీళ్లు తాగమన్నడంట డాక్టరు."

వసుమతి వంగి, బటన్ ఎక్కడుందో చూపించింది. మంజూష తలూపి తర్వాతి టోకెన్ పిలిచింది.

కీబోర్డు వెనక రుఖియా నీలం సీసా, మెడ దాకా నీళ్లతో, అలాగే ఉంది.