మూడు మెట్లు పైన

"బీన్స్ అడుగంటనివ్వకు, వర్లీన్. పాటల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు మా ఆయన హోబర్ట్, గిటార్ పెట్టె భుజాన వేసుకుని హాల్లోకి నడుస్తూ.

ప్రతి శుక్రవారం ఇదే మాట. అతను మోసింది గిటార్. నేను ట్రక్కులోంచి మోసుకొచ్చింది బీన్స్ కుండ, రెండు ఇనప మూకుళ్ల మొక్కజొన్న రొట్టె, కాఫీ డబ్బా, కాగితం పళ్లేలు. తలుపు మాత్రం కాలితో ఆపి పట్టుకున్నాడు. గిటార్ పెట్టెకి తగలకుండా.

మా కట్లర్ క్రీక్‌లో ఈ హాలు ఒకప్పుడు బడి. బొగ్గు గనులు మూతపడి, పిల్లలు తగ్గి, బడి కూడా మూతపడ్డాక ఊరివాళ్లం తాళం తీయించుకున్నాం. శుక్రవారం సాయంత్రం ఎండ ఇంకా కిటికీల మీద ఉండగానే కుర్చీలు గుండ్రంగా పడతాయి. గిటార్లు, బాంజో, మాండలిన్, ఫిడిల్. కాగితం మీద రాసిన నియమాలు ఏమీ లేవు గానీ మూడు మాత్రం అందరికీ తెలుసు. వంతు కుర్చీ నుంచి కుర్చీకి తిరుగుతుంది. వంతు వచ్చినవాళ్లు పాటా, దాని శ్రుతీ చెప్పాలి. శ్రుతి చెప్పేదాకా ఎవరూ తీగ ముట్టకూడదు, చెప్పాక ఎవరూ కాదనకూడదు. ఆడవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోకూడదని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. కుండ ఎవరో ఒకరు కలపాలి కదా.

నేను ఒక్కసారి కూర్చున్నాను. పెళ్లైన మూడో నెల. హోబర్ట్ పక్కన, మా అమ్మ కుట్టిచ్చిన పసుపు గౌనులో. మా అమ్మ నెట్టీ బట్టలు ఆరేస్తూ పాడే పాటే పాడతానన్నాను. ఒకావిడ ఉతికిన బట్టలన్నీ తీగ మీద ఆరేసి, చివర్న తన ఏప్రన్ కూడా విప్పి ఆరేసి, కొండ సందులోంచి అవతలికి నడిచి వెళ్లిపోతుంది. అదీ పాట. మగవాళ్లు ఎప్పుడూ వాయించే 'జి' శ్రుతిలోనే మొదలుపెట్టారు. ఏ శ్రుతి అని నన్నెవరూ అడగలేదు, అడగాలని నాకూ తెలియదు. మొదటి పాదం కిందికి దిగింది. దాంతో పాటు నా గొంతూ దిగి, ఎండిన బావిలో బొక్కెనలా అడుగుకి కొట్టుకుంది. పైకి తీశాను, పగిలింది. గోడవార ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు. ఇంటికెళ్లే దారిలో హోబర్ట్ నా మోకాలి మీద చెయ్యి వేసి ఎంతో ప్రేమగా చెప్పాడు, "దేవుడు అందరికీ అన్నీ ఇవ్వడు, హనీ." ఇంటికొచ్చాక మా అత్త ఓనా ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "మా ఇంట్లో గొంతు మగాళ్లది, చెయ్యి ఆడాళ్లది. నీ చెయ్యి మంచిది. దాన్ని నమ్ముకో."

నమ్ముకున్నాను. ఆ చేత్తోనే ఇద్దరు పిల్లల్ని, వాళ్ల తర్వాత మంచం పట్టిన మా అత్తని, బడి క్యాంటీన్‌లో ఊరందరి పిల్లల్ని సాకాను. పాట మాత్రం సింకు పైన కిటికీలో ఉన్న రేడియోకి వదిలేశాను.

ఆ రేడియో దగ్గర నిలబడి నేను విన్నంత కంట్రీ మ్యూజిక్ ఆ గుండ్రంలో కూర్చున్న ఏ మగాడూ విని ఉండడు. వాళ్లకి తమ పాటలు వాయించుకోవడమే సరిపోయింది. హోబర్ట్ లెక్కలో అసలైన పాట తను పెళ్లి చేసుకున్న ఏడాది చచ్చిపోయింది. అతని నాన్న లెక్కలో డ్రమ్ములు వచ్చినప్పుడు. మా తాతమ్మ అయితే గిటార్‌కి కరెంటు తీగ తగిలించిన రోజే పాటకి దినం పెట్టేసిందట. ఇన్నిసార్లు చచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నేను విన్నది వేరు. మా అమ్మ చిన్నప్పటి పాటల్లో ఆడది ఏట్లో శవమై తేలేది. లేకపోతే గుమ్మంలో ఎదురుచూసే తల్లి అయ్యేది. తర్వాత ఒక ఆడగొంతు వచ్చి తాగొచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. నేను చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇలా కూడా అనొచ్చా? తర్వాత వయొలిన్లు గుంపుగా వచ్చి ఆ గొంతుకి పట్టు గౌను తొడిగాయి. తర్వాత కౌబాయ్ టోపీల మగాళ్లొచ్చారు. తర్వాత ట్రక్కుల పాటలొచ్చాయి, పక్క సీట్లో పేరు లేని పిల్ల ఒకతి కూర్చునేది, పాటంతా అయినా నోరు విప్పేది కాదు. ఆ ఏళ్లలో రేడియోవాళ్లు ఒక ఆడగొంతు పాట పక్కన ఇంకో ఆడగొంతు పాట వెయ్యకూడదని పట్టుబట్టారు. నేను గిన్నెలు తోముతూ కనిపెట్టాను ఆ సంగతి. ఇక అయిపోయింది అనుకున్నప్పుడు, మా కొండల యాసలోనే, ఏ పట్టూ తొడగకుండా, ఇంకో పిల్ల గొంతు వచ్చింది. ఎక్కడ దాక్కుని ఉంది ఇన్నాళ్లూ? మా అమ్మ దాచిచ్చిన బీన్స్ విత్తనం లాగే. ఏటేటా మట్టిని బట్టి గింజ రంగు కాస్త మారుతుంది. వండితే రుచి మాత్రం అదే. నాకు భక్తి అంటే ఏమిటో చర్చిలో కన్నా ఆ సింకు దగ్గరే ఎక్కువ తెలిసింది.

అమ్మ పాటని కూడా మార్చేశారు. నా పెళ్లయిన కొన్నేళ్లకి ఎవరో టోపీ ఆయన దాన్ని రికార్డు చేస్తే అదే ఊరంతా పాకింది. అందులో చివరి చరణంలో వాన వస్తుంది. ఆమె కొండ సందులోంచి పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చి బట్టలు తీస్తుంది. హోబర్ట్ అదే పాడతాడు, కళ్లు మూసుకుని, ఎంతో ఆర్తిగా. అమ్మ పాడిన చరణంలో వాన లేదు, రావడమూ లేదు. అమ్మే తప్పుగా గుర్తుపెట్టుకుందేమో అనుకున్నాను చాలా ఏళ్లు.

ఈ ఏడాది వసంతంలో లేసీ వచ్చింది. పక్క జిల్లా పిల్ల, పళ్ల డాక్టరు దగ్గర పని, చేతిలో ఫిడిల్. ఎవర్నీ అడక్కుండా గుండ్రంలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫిడిల్ అంత బాగా వాయించేవాళ్లు లేరు కాబట్టి మగవాళ్లు ఊరుకున్నారు. తన వంతులో ఒకసారి ఇప్పటి రేడియో పాట పాడితే హోబర్ట్ సిగరెట్టు పేరు చెప్పి బయటికి పోయాడు. "ఆయనకి పొగ ఎక్కువా, పాట ఎక్కువా?" అని అడిగింది ఆ పిల్ల. బాంజో వాయించే ఆర్వల్ నవ్వాపుకోలేక తీగ తెంపుకున్నాడు.

నేను బీన్స్ తెచ్చిన ఆ శుక్రవారం లేసీ కాఫీ కోసం హాలు వెనక వంటగదిలోకి వచ్చింది, ఫిడిల్ చంకలోనే ఉంది. నేను చూసుకోలేదు. కుండ కలుపుతూ అమ్మ పాట పాడుకుంటున్నాను. రేడియో లేదు, ఏమీ లేదు. ఫిడిల్ తీగ మీద చిన్న మోత వినిపించి ఉలిక్కిపడ్డాను.

"ఆపకండి మిస్ వర్లీన్. ఇంకో పాదం పాడండి" అంది. ఇంకో తీగ మీటింది. "మీరు బి ఫ్లాట్‌లో పాడుతున్నారండీ."

"అదేం రోగం తల్లీ?"

"రోగం కాదు, శ్రుతి. వాళ్లు జి లో వాయిస్తారు. మీది దానికి మూడు మెట్లు పైన." గిటార్ మెడ పట్టుకున్నట్టు గరిటె కాడ మీద వేళ్లు జరిపి చూపించింది. "ఇంత బాగా పాడతారు, మరి అక్కడికి రారేం?"

నాకు పాడటం రాదని చెప్పాను. పసుపు గౌను రోజు సంగతి చెప్పాను. ఆ పిల్ల కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"జి అనేది హోబర్ట్ గారి కొలతకి కుట్టిన చొక్కా. అది మీకు తొడిగి, ఈమె చేతులు పొట్టి అన్నారు. మీరూ నమ్మేశారు."

నేను కుండ వైపు తిరిగాను. మొహం కనపడకూడదని. రేడియోలో ఆడగొంతులతో కలిసి పాడినప్పుడు నా గొంతు హాయిగా సాగేది. వాళ్ల గొంతు నా లోపాన్ని కప్పేస్తోంది అనుకునేదాన్ని. కప్పలేదు. వాళ్లు తమ చోట నిలబడి పాడారు, పక్కన నాకూ చోటు దొరికింది. అంతే. నా గొంతు పాడవలేదు, నేను ఎవరి ఇంట్లోనో తడుముకుంటూ నడిచాను. ఇంత చిన్న విషయం. మూడు మెట్లు. ఊళ్లో గిటార్ పట్టిన ప్రతి మగాడికీ తెలిసిన విషయం. ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదనీ కాదు, వాళ్లకి తట్టలేదు. ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయాను. కానీ బాధకంటే ముందు ఇంకోటి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లూ నా దగ్గర గొంతు ఉంది. ఇంట్లో ఎవరో బతికే ఉన్నారని తెలిసినట్టు ఒళ్లు ఝల్లుమంది.

పొయ్యి ఆర్పేశాను. చేతులు తుడుచుకున్నాను. ఏప్రన్ విప్పి తలుపు మేకుకి తగిలించాను. ఆర్వల్ తమ్ముడు తుంటి ఆపరేషన్ అయి ఇంట్లో పడుకుని ఉన్నాడు, అతని కుర్చీ ఖాళీ. దాంట్లో కూర్చున్నాను.

పాట మధ్యలో ఉన్న హోబర్ట్ కనుబొమలు ఎగరేశాడు. పాట అయ్యాక, "బీన్స్ ఏమయ్యాయి?" అన్నాడు.

"పొయ్యి ఆర్పేశాను."

కాళ్లు నొప్పులేమో, కాసేపు కూర్చుంటుందిలే అనుకున్నట్టున్నారు. వంతు తిరిగింది. మాండలిన్, గిటార్, లేసీ. తర్వాతి కుర్చీ నాది. హోబర్ట్ నన్ను దాటి ఆర్వల్ వైపు చూశాడు. ఆర్వల్ బాంజో మీద చెయ్యి ఆనించి కదలకుండా కూర్చున్నాడు.

"వర్లీన్, హనీ, అందరికీ ఆకలిగా ఉంది" అన్నాడు హోబర్ట్ మెల్లగా.

"వంతు వంతే, హోబ్. శ్రుతి అడుగు" అన్నాడు ఆర్వల్.

హోబర్ట్ అడగలేదు. నేనే చెప్పాను. "అమ్మ పాట. బి ఫ్లాట్."

గుండ్రంలో గుసగుస లేచింది. ఆ శ్రుతి వేళ్లు విరగ్గొడుతుందని మాండలిన్ ఆయన గొణిగాడు. కానీ చెప్పాక కాదనకూడదు. జేబుల్లోంచి క్లిప్పులు బయటికొచ్చాయి. గిటార్ మెడకి మూడో మెట్టు మీద బిగిస్తే తీగలన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి, అలాంటి చిన్న ఇనప క్లిప్పులు. టిక్. టిక్. ఇంకో టిక్. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టాను. నా జీవితంలో అంతమంది మగవాళ్లు ఒకేసారి నాకోసం ఏదైనా సర్దడం నేను చూడలేదు. పెళ్లిలో కూడా.

హోబర్ట్ దగ్గర క్లిప్పు లేదు. అది దొంగాట అనీ, వాయించడం రానివాడి ఊతకర్ర అనీ వెక్కిరించేవాడు. ఆర్వల్ తన రెండో క్లిప్పు విసిరాడు. హోబర్ట్ పట్టుకున్నాడు, వంకరగా బిగించాడు, తీగ జుయ్యిమంది. మళ్లీ విప్పాడు. అందరూ అతని కోసం ఆగారు. నేనూ ఆగాను. నాకు ఆగడం బాగా వచ్చు.

ఫిడిల్ ఎత్తుకుంది. మొదటి పాదం కిందికి దిగింది. దిగి, నేల మీద నిలబడింది. కింద నేల ఉంది. అక్కడి నుంచి గొంతు పైకి లేచింది. ఎంతవరకు పోతుందో నాకే తెలియదు, నేనూ అందరిలాగే వింటున్నాను. పాత బడి చెక్క గోడలు మోగాయి. అందులో మా అమ్మ ఉంది, సింకు దగ్గర నేను విన్న ఆడగొంతులన్నీ ఉన్నాయి, ఏట్లో తేలినవాళ్లు, గుమ్మంలో నిలదీసినవాళ్లు, ట్రక్కులో నోరు విప్పనివాళ్లు. వాళ్లంతా నా పక్కన బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చినట్టు అనిపించింది.

చివరి చరణం వచ్చింది. అలవాటు కొద్దీ మగవాళ్లంతా గొంతు కలిపి వాన కురిపించారు. నేను కురవనివ్వలేదు. అమ్మ చెప్పినట్టే పాడాను. ఎండ కాస్తోంది, గాలికి అవతలి గట్టు దాకా బట్టల చప్పుడు వినిపిస్తోంది, ఆమె విన్నది, వెనక్కి తిరగలేదు. ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. హోబర్ట్‌ది అందరికంటే ఆఖర్న. చివరి పాదానికి ఫిడిల్ ఒక్కటే నాతో ఉంది.

ఆర్వల్ బాంజోని ఒళ్లో పడుకోబెట్టాడు.

"ఆ చరణం ఎక్కడిది, వర్లీన్?"

"మా అమ్మది."

"మొదట్నుంచీ అలాగేనా?"

"నేను విన్నప్పటి నుంచీ అలాగే."

అతను తల ఊపాడు. ఏది అసలుదో మా ఇద్దరికీ తెలియదు. అమ్మకి ఎవరు నేర్పారో, వాళ్లు ఏం మార్చారో ఎవరు చూశారు? పాట ఎవరి నోట్లో ఉంటే వాళ్ల మాట వింటుంది. టోపీ ఆయనకి బట్టలు తీసేవాళ్లు కావాలి, వాన తెచ్చుకున్నాడు. మా అమ్మకి ఎండ కావాలి. అంతే.

ఆ సాయంత్రం ఎవరి పళ్లెం వాళ్లే వడ్డించుకున్నారు. బీన్స్ చల్లారిపోయాయి. ఎవరూ చావలేదు.

తిరుగు దారిలో కొండల మీద ఇంకా వెలుగు ఉంది. వంతెన దాటాక, "ఆ శ్రుతి చేతులకి కష్టం" అన్నాడు హోబర్ట్.

"అలవాటవుతుంది. నాకు జి అలవాటైనట్టు."

రేడియోలో ఆ కొత్త పిల్ల పాట వస్తోంది. ఆపడానికి చెయ్యి చాపాడు. ఏమనుకున్నాడో, మళ్లీ స్టీరింగ్ మీదికి తీసుకున్నాడు. పాట అయ్యేదాకా ఇద్దరం విన్నాం. పాట అయ్యాక గొంతు సవరించుకుని, ఏమీ జరగనట్టు, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

"వచ్చే శుక్రవారం ఏం తెస్తున్నావ్? బీన్సా, సూపా?"

"కుర్చీ" అన్నాను.