అరంగుళం మాస్టారు

చివరి కాజా కుట్టి, దారం పంటితో తెంపి, మాస్టారు చొక్కాను వెలుతురుకు ఎత్తి చూసుకున్నారు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కుడివైపు ఏడు కాజాలు, ఎడమవైపు ఏడు కాజాలు. గుండీ మాత్రం ఒక్కటీ లేదు.

పక్క బల్ల దగ్గరున్న ఇస్త్రీ మనిషి తల పట్టుకోలేదు. అలవాటైపోయింది. చప్పుడు కాకుండా ఆ చొక్కా లాక్కుని ఒక పక్క కాజాల కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే కొట్టు.

ఏ బట్టకైనా అరంగుళం వదులుండాలని పోరేవారు గనక ఆయనకు అరంగుళం మాస్టారని పేరు పడింది. ఎండుపుల్లలాంటి మనిషి. మెడలో టేపు, జేబు అంచున వరసగా సూదులు, కత్తెర ఒరిసి కాయకాచిన బొటనవేలు.

ఆయనకు వచ్చిన జబ్బు అల్జీమర్స్. డాక్టరు మెదడు బొమ్మ తీయించి, గదులు చాలావరకు ఉన్నాయిగానీ గదికీ గదికీ మధ్య దారులు మూసుకుపోతున్నాయని, బాగా నలిగిన అడ్డదారులు మాత్రం కొన్ని ఇంకా నడుస్తున్నాయని చెప్పాడు. మాస్టారు శ్రద్ధగా విని, అంటే గుండీలున్నాయి, కాజాలున్నాయి, పెట్టేవాడే లేడన్నమాట అన్నారు. డాక్టరు ఆ మాట రాసుకున్నాడు.

రోజూ మధ్యాహ్నం ఒక అమ్మాయి క్యారియరుతో వచ్చి ఎదురుగా కూర్చునేది. గుడ్డ తేదు, కొలత ఇవ్వదు, ఊరికే మొహంలోకి చూస్తుంది. పనీపాటా లేని పిల్ల అని మాస్టారు విసుక్కునేవారు. ఆ పిల్ల ఆయన కూతురని కొట్లో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. నాన్న తనని ఒక్కసారి గుర్తుపడితే చాలు ఆమెకు. ఫొటోలు చూపించింది. చిన్నప్పుడు ఆయన నేర్పిన పాట పాడింది. పాట బాగుంది, గొంతే బాగాలేదన్నారు.

ఆ రోజు ఆమె చొక్కాకని నీలం గుడ్డ తెచ్చింది. మాస్టారి మొహం విచ్చుకుంది.

"ఇన్నాళ్లకి దారికొచ్చావు. నిటారుగా నిలబడమ్మా."

మెడలోంచి టేపు జారింది. చేతులు, నడుము గబగబా అయిపోయాయి. భుజాల దగ్గర టేపు ఆగింది. మళ్లీ కొలిచారు.

"ఎడమపక్క అరంగుళం కిందికుంది. మా అమ్మాయికీ ఇంతే. పుస్తకాల సంచి ఎప్పుడూ ఈ భుజానికే. వద్దే అంటే వింటేనా, మొండిఘటం."

కూతురు గభాల్న ఆయనవైపు తిరిగింది. మాస్టారు చాలాసేపు ఆమె మొహంలోకి చూశారు.

"సంచి భుజం మార్చమని మీ నాన్న నీకు చెప్పలేదా అమ్మా?"

"చెప్పాడు," అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ నవ్వి. "నేనే వినలేదు."

"పిల్లలు మీరెప్పుడు విన్నారు గనక. గురువారం రా, ఇచ్చేస్తా."

ఆమె వెళ్లాక ఆయన గుడ్డ కత్తిరించి మిషనెక్కారు. ఇస్త్రీ మనిషి ఓ కన్ను అటే వేసి ఉంచాడు. కాసేపటికి మిషను చప్పుడు ఆగింది. సూదిలో దారం ఎక్కిస్తున్నారనుకున్నాడు. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చల్లారేదాకా మళ్లీ మొదలుకాలేదు. వెళ్లి చూస్తే మాస్టారు చెంప మిషనుకు ఆనించి ఉన్నారు, కాలు ఇంకా తొక్కుడుపలక మీదే. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

గురువారం కూతురు వచ్చింది. చేతులు ఇంకా అతకని నీలం చొక్కా మిషను మీద అలాగే ఉంది. అంతా చూశాను, ఇందులో విప్పాల్సింది ఏమీ లేదమ్మా అన్నాడు ఇస్త్రీ మనిషి.

ఆమె దాన్ని తిరగేసింది. ఎడమ భుజం లోపల, తన చిన్నప్పటి గౌనులన్నిటికీ పెట్టినట్టే, ఎవరికీ కనపడకుండా కుట్టిన అరంగుళం మందం దూదిమెత్త.